మాత్ర వెనకాల మనుషులు

పుంగనూరులో ఉండే మా చిన్నమ్మకు షుగరు వచ్చి పదకొండేళ్లయింది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. మూడు నెలలకోసారి ఫోన్లోనే మందులు బుక్ చేస్తాడు, డబ్బా నేరుగా ఇంటికొస్తుంది. ఒకసారి అట్లా వచ్చిన డబ్బా విప్పి, మాత్రల అట్టను ఆమె అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బొమ్మ అదే, పేరు మొదలు అదే. మాత్ర రంగు మాత్రం వేరు. పేరు చివర ఎప్పుడూ లేని రెండు అక్షరాలు, ఒక అంకె ఉన్నాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. రంగు చూసే అనుమానం వచ్చింది. అట్టను కొంగున ముడేసుకుని వీధి చివర మందులంగడికి పోయింది. అంగడాయన దాన్ని వెలుతురుకు పెట్టి, వెనక్కి తిప్పి చదివి, "ఇది నీ పాత మాత్ర గాదు కదక్కా. దీంట్లో ఇంకో మందు కూడా కలిసుండాది. డాక్టరేమన్నా మార్చినాడా?" అని అడిగినాడు.

డాక్టరు మార్చలేదు. పేరు సగం కొట్టగానే ఫోన్లో కిందికి వరసగా దిగిన పేర్లలో కొడుకు ఒకదానికి బదులు దాని కిందది నొక్కినాడు. పాత చీటీ ఫోటో కూడా ఎక్కించినాడు పాపం. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి మాత్రం అవతల ఎవరూ లేరు.

ఆమె ఏళ్లుగా వేసుకుంటున్నది ఒట్టి మెట్‌ఫార్మిన్. కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను అది తగ్గిస్తుంది. అదొక్కటే వేసుకునేవాళ్లకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. కొత్త అట్టలో దానికి తోడు గ్లిమిపిరైడ్ ఉంది. అది క్లోమగ్రంథిని తట్టి లేపి ఇన్సులిన్ వదిలిస్తుంది. మనిషి తిన్నదా, పస్తున్నదా అన్నది దానికి పట్టదు. మా చిన్నమ్మకు ప్రతి శనివారం ఒక్కపొద్దు. పొద్దున్నే ఆ మాత్ర మింగి మధ్యాహ్నం దాకా మంచినీళ్ల మీదే ఉండుంటే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగి వంటింట్లోనే పడిపోయేది. ఇంట్లో ఒంటరి మనిషి, చూసేవాళ్లు కూడా లేరు.

అప్పటినుంచి నా మనసులో ఒకటే తిరుగుతోంది. అంగడాయన ఆ అట్టను వెలుతురుకు పెట్టి చూసిన అర నిమిషం ఉందే, మందు ఆన్‌లైన్లో కొన్నప్పుడు ఆ అర నిమిషం ఎక్కడ జరగాలి? ఎవరు చెయ్యాలి?

మా పక్క షాపును అంగడి అంటాం. మదనపల్లె దగ్గర కురబలకోట మండలంలో ఏకంగా అంగళ్లు అనే పేరుతోనే ఒక ఊరుంది. ఇప్పుడు ఆ ఊళ్లో ఇంజనీరింగు కాలేజీ పిల్లల చేతుల్లోని ఫోన్లలో ఎన్ని అంగళ్లో లెక్కలేదు. మందులంగడి కూడా అందులోకి చేరిపోయింది. అది తప్పని నేననను. కుప్పం సంగతే చూడండి. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. ఊళ్లో పీఈఎస్ వైద్య కళాశాల ఉన్నా, జబ్బు ముదిరితే జనం వేలూరు సీఎంసీకో, బెంగళూరుకో, తిరుపతికో పోతారు. అక్కడి డాక్టరు రాసిచ్చిన మందు ఇంటికొచ్చాక ఊళ్లో దొరకదు. "రెండ్రోజులాగండి, తెప్పిస్తా" అంటారు. మూర్ఛ మందు, గుండె మార్పిడో కిడ్నీ మార్పిడో అయినవాళ్ల మందు రెండ్రోజులు ఆగదు. కొన్ని మందులు తెలిసినాయన అంగట్లో నలుగురి ముందు అడగలేనివీ ఉంటాయి. మనోవ్యాధికి మందు వాడే ఆడపిల్లకు గుట్టుగా ఇంటికొచ్చే డబ్బా ఎంత ఊరటో ఆమెకే తెలుసు. దానికి తోడు నెలనెలా మూడు వేల మందులు కొనే ఇంటికి నూటికి పదిహేను, ఇరవై తగ్గినా అది బియ్యానికి పనికొస్తుంది.

ఇంతకూ డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందు ఏదో తెలుసుకోవడం ఎట్లా? అట్ట మీదే రాసుంటుంది. ఎడమవైపు మూలలో ఆర్ఎక్స్ అన్న గుర్తు ఉంటే అది షెడ్యూల్ హెచ్ మందు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద 1945లో వచ్చిన నియమాలు దాన్ని చీటీ లేకుండా అమ్మొద్దంటాయి. ఆ గుర్తు ఎర్రగా ఉండి, హెచ్చరిక చుట్టూ ఎర్రగీత పెట్టె ఉంటే అది హెచ్1. ఈ హెచ్1 జాబితా 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చిందీ వేరే పుస్తకంలో ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని మూడేళ్లు దాచాలి. ఎక్స్ జాబితా ఇంకా కఠినం. అక్కడ చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి అంగట్లోనే ఉండిపోతుంది.

ఇక్కడ మన ఊళ్లకే ప్రత్యేకమైన ఒక మెలిక ఉంది. అట్ట వెనక హెచ్చరికలో ఆర్ఎంపీ చీటీ లేకుండా అమ్మరాదన్న అర్థంలో రాసుంటుంది. చట్టంలో ఆ మూడక్షరాలకు అర్థం వైద్యమండలిలో నమోదైన డాక్టరు. మన పల్లెల్లో ఆర్ఎంపీ అంటే సరిగ్గా దానికి ఎదురు. డిగ్రీ లేకుండా సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి సూదులేసే ఆయన. ఆయన తెల్లకాగితం మీద రాసిచ్చిన పేరు చట్టం లెక్కలో చీటీ కాదు. దాన్ని ఫోటో తీసి ఎక్కించినా కాదు.

హెచ్1 జాబితాలో క్షయ మందులు కూడా ఉన్నాయి. రిఫాంపిసిన్, ఐసోనియజిడ్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. ఈ నాలుగు పేర్లు చదివినప్పుడల్లా నాకు మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం గుర్తొస్తుంది. క్షయకు మందే లేని రోజుల్లో, 1910లలో, క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి అక్కడ శానిటోరియం కట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి పెద్ద. దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్న మా పక్క పొడిగాలి, చల్లదనం, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. అప్పటికి వైద్యమంటే అదే.

తర్వాత మందులొచ్చాయి. మందులొచ్చాక ఇంకో పెద్ద సందేహం వచ్చింది. రోగిని ఆసుపత్రిలో పెట్టకుండా మాత్రలు ఇంటికిచ్చి పంపితే జబ్బు నయమవుతుందా? 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్స పరిశోధన కేంద్రం దీన్నే పరీక్షించింది. మద్రాసులోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇరుకిరుకు ఇళ్లలోనే ఉంచి, రెండు గుంపులకూ ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఫలితాలు 1959లో బయటికొచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ప్రపంచమంతా క్షయ వైద్యాన్ని ఆసుపత్రి మంచం మీదినుంచి ఇంటి గడపకు తెచ్చింది ఆ పరిశోధనే. మందు ఇంటికి రావడం ఫోన్లతో మొదలు కాలేదు.

ఆ పరిశోధనలో నాకు మరీ విలువైనదిగా తోచేది వేరే ఉంది. మాత్రలు చేతికిచ్చి వాళ్లు ఊరుకోలేదు. చెప్పాపెట్టకుండా ఇంటికిపోయి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవాళ్లు. మూత్రం పరీక్షించి మందు నిజంగా ఒంట్లోకి పోయిందో లేదో చూసేవాళ్లు. ఎందుకంటే క్షయ మందును సగంలో ఆపితే క్రిములన్నీ చావవు. మందుకు లొంగనివి మిగిలి, అవే పెరుగుతాయి. మందు ఇల్లు చేరింది, దాని వెంట చూసే కన్ను కూడా చేరింది. ఆ రెండోది లేకపోతే మొదటిదానికి అర్థం లేదు. ఈ రోజుకూ క్షయ మందు అమ్మిన అంగడి ఆ రోగి వివరం ప్రభుత్వానికి తెలపాలి. 2018 నుంచి అది తప్పనిసరి. పుస్తకంలో ఎక్కించే ఆ గీతలు కాగితాల తంతు కాదు, లెక్కపెట్టడానికి ఇంటికొచ్చిన ఆ మనిషికి మిగిలిన జాడ.

మరి ఆన్‌లైన్ అమ్మకానికి చట్టమేమిటి? కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 28న ముసాయిదా నియమాలు వెలువరించింది. ఇంటర్నెట్ మందులంగడి కేంద్రంలో నమోదు కావాలని, చీటీని ఫార్మసిస్టు సరిచూడాలని, రోగి వివరాలు గుట్టుగా ఉంచాలని, మత్తుమందులూ ఎక్స్ జాబితా మందులూ అసలు అమ్మరాదని అందులో ఉంది. దాని మీద కోపంతో అదే సెప్టెంబరు 28న దేశమంతా మందులంగళ్లు ఒకరోజు మూతపడ్డాయి. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, మద్రాసు హైకోర్టు రెండూ లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాన్ని ఆపమన్నాయి. మద్రాసు తీర్పును పై ధర్మాసనం కొద్ది రోజులకే నిలిపేసింది. కరోనా వచ్చి, లైసెన్సున్న అంగడి మందును ఇంటికి చేర్చొచ్చని 2020 మార్చిలో కేంద్రం అనుమతిచ్చింది. 2023 ఫిబ్రవరిలో మళ్లీ ఇరవై దాకా సంస్థలకు నోటీసులిచ్చింది. ఇన్నేళ్ల లాగులాటలో ఒకటి మాత్రం మారలేదు. యాప్ పేరు ఏదైనా మందును ఇచ్చేది ఎక్కడో ఒకచోట లైసెన్సున్న అంగడే కావాలి. బిల్లు మీద ఆ అంగడి పేరు, చిరునామా, 20, 21 ఫారాల కింద ఇచ్చిన లైసెన్సు నంబరు, మందు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. బిల్లే లేకుండా కవర్లో వచ్చిన అట్ట ఎవరి పూచీ మీదా రాలేదు.

ఇప్పుడు డబ్బా ప్రయాణం సంగతి. మదనపల్లెది చల్లని గాలి, హార్సిలీ కొండ పక్కనే ఉంది, నిజమే. కానీ డబ్బా మదనపల్లెలో పుట్టలేదు. ఏ గోడౌన్లోనో బయల్దేరి, ఏప్రిల్ ఎండలో లారీ రేకుల కింద ప్రయాణించి, ఇంకో గోడౌన్లో పడుకుని, కుర్రాడి బండి వెనక సంచీలో మిట్టమధ్యాహ్నం ఊరంతా తిరిగి మన గడపకొస్తుంది. మాత్ర అట్ట మీద 25 డిగ్రీలకు లోపో, 30 డిగ్రీలకు లోపో ఉంచమని రాసుంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. మందు చెడడం కూడా రసాయన చర్యే. ఒకటి రెండు రోజుల వేడికి మామూలు మాత్ర పాడైపోదు. పొద్దస్తమానం అదే వేడిలో ఉంటే, తేమ కూడా తగిలితే కొన్ని మాత్రలు తట్టుకోలేవు. ఆస్పిరిన్ దీనికి మంచి ఉదాహరణ. తేమ తగిలితే విరిగిపోయి అందులోంచి అసిటిక్ ఆమ్లం పుడుతుంది. అంటే మనం వంటకు వాడే వెనిగర్‌లో ఉండేదే. గుండెకోసం ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు డబ్బా మూత తీయగానే పుల్లటి ఘాటు ముక్కుకు తగిలితే ఆ మాత్రలు పారేయండి.

ఇన్సులిన్‌ది వేరే కథ. అది ప్రోటీను, అంటే దారపుండలా లెక్క ప్రకారం మడిచిన పొడుగాటి అణువు. ఆ మడత ఉన్నంతవరకే దానికి పని. వేడికి మడత విప్పుకుని అణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలనేది అందుకే. వేడే కాదు, గడ్డకట్టినా చెడుతుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. డీప్ ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐసు ప్యాకును సీసాకు ఆనించి కట్టేస్తే థర్మాకోల్ డబ్బాలోనే ఆ పని జరిగిపోవచ్చు. డబ్బా వచ్చాక సీసాను వెలుతురుకు పెట్టి చూడాలి. రెగ్యులర్ ఇన్సులిన్ నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, నలకలున్నా వాడొద్దు. పాలలా తెల్లగా ఉండే రకాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే అంతా ఒకటిగా కలవాలి. గాజుకు తెల్లటి రేకులంటుకుని ఉంటే అది గడ్డకట్టి కరిగిన సీసా.

అలాగని ఇన్సులిన్ ముట్టుకుంటే చెడేది కూడా కాదు. కెన్యాలోని దాగహాలీ శరణార్థి శిబిరంలో గుడిసెల వేడిని కొలిచి, అదే వేడిని ప్రయోగశాలలో పెట్టి చూసిన పరిశోధన 2021లో వచ్చింది. రోజూ 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఎక్కిదిగే వేడిలో నాలుగు వారాలున్నా ఇన్సులిన్ బలం తగ్గలేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో వాడుకలో ఉన్న సీసాను నీళ్లకుండ పక్కన, నీడలో పెట్టుకునే అవ్వలు భయపడాల్సిన పనిలేదు. ఆ వేడి ఎంతో మనకు తెలుసు. లారీలో ఎంతో తెలియదు, చిక్కంతా అదే. అందుకే నా మాట ఏమంటే, ఇన్సులిన్ మటుకు ఫ్రిజ్ కళ్ల ముందు కనబడే ఊరి అంగట్లోనే కొనుక్కోండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

నకిలీ మందుల భయం కూడా ఉంది, అయితే ఆ నిందంతా ఫోను మీద వేయలేం. 2024 మొదట్లో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు హైదరాబాదు చుట్టుపక్కల పట్టుకున్న యాంటీబయాటిక్ మాత్రల్లో మందే లేదు. సుద్దపొడి, పిండి. హిమాచల్ ప్రదేశ్ చిరునామాతో అట్ట మీద ముద్రించిన మెగ్ లైఫ్‌సైన్సెస్ అనే కంపెనీ భూమ్మీదే లేదు. ఆ మాత్రలు చేరింది మామూలు మందులంగళ్లకే. న్యుమోనియాతో రొప్పుతున్న పిల్లాడికి తల్లి గంట చూసి వేసే మాత్రలో సుద్ద ఉంటే, అది మందు పనిచేయకపోవడం కాదు, వైద్యం చేసే వ్యవధిని దొంగిలించడం.

దీనికి కొంత విరుగుడుగా 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోనుతో స్కాన్ చేస్తే మందు అసలు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, లైసెన్సు నంబరు రావాలి. గీతల గళ్లను దొంగ కూడా అచ్చేసుకోగలడు కాబట్టి స్కాన్‌లో వచ్చిన బ్యాచ్, అట్ట మీది బ్యాచ్, బిల్లు మీది బ్యాచ్ మూడూ ఒకటేనా చూడాలి. మూడు చోట్ల ఒకటే ఉంటే ధైర్యం చెప్పుకోవచ్చు.

ఫోన్లో మందు పేరు కొట్టగానే పక్కనే అదే మందు ఇంకో కంపెనీది సగం ధరకు అని వస్తుంది. నియమం ప్రకారం హెచ్, ఎక్స్ జాబితాల మందుకు చీటీలో ఒక పేరు రాసుంటే అంగడాయన తనంతట తాను ఇంకోటి ఇవ్వకూడదు, లోపల అదే మందున్నా సరే. మార్చాలంటే డాక్టరే మార్చాలి. జనరిక్ మందులు మంచివి కావని నేననడం లేదు. జనఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకిచ్చే మందుతో ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. డాక్టరును అడిగి మారండి, మారినది చెప్పండి. ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ విషయంలో. వీటిలో సరిపడే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య సందు ఇరుకు. తగ్గింపు గురించి కూడా ఒక మాట. ప్రభుత్వం ధర కట్టిన మందుల మీద చిల్లర అంగడికి లెక్కగట్టేది నూటికి పదహారు. మిగతావాటి మీద మామూలుగా ఇరవై. పేరున్న బ్రాండును నూటికి అరవై, డెబ్బై తగ్గించి ఇస్తామంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోందో అడగాలి.

చీటీ లేకపోతే మేమే డాక్టరుతో మాట్లాడిస్తామనే సంస్థలున్నాయి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దూరం నుంచి వైద్యం చేయడాన్ని ఒప్పుకున్నాయి, హద్దులూ పెట్టాయి. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో రోగిని చూడాలి. ఎక్స్ జాబితా మందులు, మత్తుపదార్థాల చట్టం కిందికొచ్చేవి ఫోన్లో రాయకూడదు. నిద్రపట్టదని మనవాళ్లు తేలిగ్గా అడిగే ఆల్‌ప్రజోలాం ఆ కోవలోదే. రెండు నిమిషాల ఫోనుతో దానికి చీటీ పుట్టిందంటే అక్కడ వైద్యం జరగలేదు. అమెరికాలో ర్యాన్ హేట్ అనే కుర్రాడు తనను ఎన్నడూ చూడని డాక్టరు రాయగా ఇంటర్నెట్లో కొన్న నొప్పి మందుతో 2001లో చనిపోయాడు. పద్దెనిమిదేళ్లు. అలాంటి మందు రాసే ముందు డాక్టరు ఒక్కసారైనా రోగిని ఎదురుగా చూడాలని ఆ దేశం అతని పేరుతో 2008లో చట్టం చేసింది.

మా చిన్నమ్మ ఇంట్లో ఇప్పటికీ డబ్బా బెంగళూరు నుంచే బుక్ అవుతుంది. పది రోజుల మాత్రలుండగానే కొడుకు ఆర్డరు పెడతాడు, ఆలస్యమైనా మధ్యలో ఆగకుండా. కొత్త డబ్బా వచ్చిన సాయంత్రం వీడియోకాల్ చేస్తాడు. ఆమె బిస్కెట్ల డబ్బాలోంచి పాత ఖాళీ అట్ట తీసి కొత్తదాని పక్కన పెట్టి ఫోనుకు చూపిస్తుంది. అక్షరం అక్షరం వాడు పైకి చదువుతాడు, పేరు, చివరి అంకె, మిల్లీగ్రాములు, బ్యాచ్, గడువు. పోయిన నెల నేనూ అక్కడే ఉన్నాను. వాడు చదవడం అయిపోయి, "సరిపోయిందిలే మా, ఎత్తిపెట్టు" అన్నాడు. ఆమె అట్టను వెనక్కి తిప్పి, ఎర్రగీత పెట్టె ఏమైనా ఉందేమోనని వేలితో తడిమి, మళ్లీ ఫోను దగ్గరకు పెట్టి, "ఈ యెనకుండేది గూడా సదువు నాయనా" అంది.